షోర్బాలో నీళ్ళు, మేడమీద తోటకూర

పంట చేతికి వచ్చిన రోజునే దాని హక్కు చెల్లించమనీ, ఆ వెంటనే దుబారా చేయవద్దనీ దివ్య ఖుర్ఆన్ ఒకే ఆయత్‌లో ఆదేశించింది (అల్ అన్ఆమ్ - 141). ఖర్జూరం, పైర్లు, జైతూన్, దానిమ్మ అంటూ ఒక్కొక్కదాన్నే గుర్తుచేసి, కాసినప్పుడు తినండని అనుమతించి, ఆ తర్వాత ఈ రెండు మాటలూ చెప్పింది. మద్రసాల్లో ఈ ఆయత్‌ను ఉష్ర్ పాఠంలో, అంటే పంటల మీద చెల్లించే జకాత్ గురించి చెప్పేటప్పుడు వివరిస్తారు. సెంటు భూమి లేని నాలాంటి పంతుళ్ళకు అది మేడమీద నాలుగు కుండీల దగ్గర అనుభవంలోకి వచ్చింది. లాక్‌డౌన్ రోజుల మాట అది.

2020 మార్చి 25 నుంచి మే 31 దాకా దేశమంతటా లాక్‌డౌన్ నడిచింది. మన తెలంగాణలో ఇంటికి 3 కిలోమీటర్లు దాటి వెళ్ళరాదన్నారు. రమజాన్ నెల మొత్తం అందులోనే గడిచిపోయింది. ఏప్రిల్ 25న తొలి రోజా, మే 25న ఈద్. తరావీహ్ ఇళ్ళలోనే, ఈద్ నమాజూ ఇళ్ళలోనే. హలీం బట్టీలు వెలగలేదు, బట్టల దుకాణాల ముందు సందడి లేదు. దేవుడు డబ్బిచ్చిన వాళ్ళకు ఖర్చుపెట్టే చోటు లేకుండా పోయింది, మాలాంటి వాళ్ళకు డబ్బే లేకుండా పోయింది. నేను ఉర్దూ, దీనియాత్ చెప్పే బడిలో ఏప్రిల్ జీతం సగమే వచ్చింది. మే నెలది రానేలేదు. ఆ మరుసటి సంవత్సరం, 2021 ఏప్రిల్‌లో, రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించే నాటికి మహబూబ్‌నగర్ వీధుల్లో పండ్ల బండి తోసుకుంటున్న పంతుళ్ళు కనిపించారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కష్టార్జితం ఏదైనా హలాలే. కాని నిన్నటి దాకా సలాం చేసిన పిల్లలకు కూరగాయలు తూచి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మనిషి మనసు ఎలా ఉంటుందో ఆ పంతులుకే తెలుసు.

2020లో రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చారు. కాబట్టి అన్నానికి పెద్దగా ఇబ్బంది రాలేదు. చిక్కల్లా కూర దగ్గరే. రోజూ ఉదయం కాసేపు దొరికే సరుకు కోసం గుంపులో నిలబడాలంటే భయం, నిలబడ్డా చేతిలో పైసలు లెక్కపెట్టుకోవాలి. అప్పుడే చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చూపు మేడమీదికి పోయింది.

ఉర్దూలో పొదుపును 'కిఫాయత్ షిఆరీ' అంటాం. కిఫాయత్ అన్న పదం అరబీ నుంచి వచ్చింది. సరిపోవడం అన్నది దాని మూలార్థం. పిసినారితనానికి వేరే మాట ఉంది, 'బుఖ్ల్'. దైవదాసుల గుణాలు చెబుతూ ఖుర్ఆన్ వాళ్ళు ఖర్చులో హద్దు మీరరనీ, చేయి బిగించుకోరనీ, ఈ రెంటికీ నడుమ ఉంటారనీ అంటుంది (అల్ ఫుర్ఖాన్ - 67). ఈ తేడాను గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది. ఎందుకంటే లాక్‌డౌన్‌లో కొన్ని ఇళ్ళవాళ్ళు చేసిన మొదటి పొదుపు, గిన్నెలు తోమే మనిషికి జీతం ఆపేయడం. ఆమెను రావద్దన్నది మనం. ఆమె రాలేదు కనుక డబ్బు ఇవ్వనక్కరలేదన్నదీ మనమే. అదే ఇంట్లో నెలనెలా వచ్చే జీతంలో ఒక్క రూపాయి తగ్గలేదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్న దైవప్రవక్త (స) ఉమ్మత్‌లో ఉంటూ దీన్ని పొదుపు అనుకోవడం ఎట్లా కుదురుతుంది? ఆ నెలల్లో పనిమనిషికి పూర్తి జీతం ఇంటికి పంపిన కుటుంబాలూ మా బస్తీలో ఉన్నాయి. వాటిలో రెండు, నాకు తెలిసి, తమ ఇఫ్తార్‌లో పండ్ల పళ్ళెం మానేసి మరీ పంపాయి.

నిజమైన పొదుపు ఎట్లా ఉంటుందో అబూజర్ (రజి)కి దైవప్రవక్త (స) చేసిన ఒక్క ఉపదేశంలో ఉంది. షోర్బా వండేటప్పుడు నీళ్ళు ఎక్కువ పోసి పొరుగింటి వారిని గుర్తుంచుకోమన్నారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మాంసం పెంచమని అనలేదు, నీళ్ళు పెంచమన్నారు. పేదవాడి వంటింట్లో కూడా నీళ్ళు ఉంటాయి కదా! మన దక్కనీ వంటిళ్ళకు ఈ కిటుకు బాగా తెలుసు. పావుకిలో గోష్త్ పదిమందికి ఎట్లా సరిపోవాలి? సొరకాయ ముక్కలు, శనగపప్పు, చింతపులుసు చేరి అది దాల్చా అవుతుంది. గోంగూర చేరితే అంబాడా గోష్త్, చింతచిగురు చేరితే చిగూర్ గోష్త్. మిగిలిన రొట్టెను తుంచి బెల్లం, నెయ్యి కలిపితే మలీదా. బీరకాయ పొట్టు పారేయకుండా పచ్చడి చేసుకోవడం మన తెలుగు ఇరుగుపొరుగు చూపించిందే. మా ఇంటావిడకు అది పక్కింటి లక్ష్మమ్మ గారు నేర్పితే, ఆమెకు మా ఇంటి నుంచి ఖట్టీ దాల్ తాలింపు వెళ్ళింది.

ఇక మేడమీది సంగతి. మా వీధికి గంపలో ఆకుకూర తెచ్చే ముసలామె ఒకతె ఉంది. లాక్‌డౌన్ మొదట్లో కొత్తిమీర వేద్దామనుకుంటున్నానంటే నవ్వింది. "ఎండకాలంల కొత్మీర్ మొండికేస్తది సారూ. తోటకూర ఎయ్యి, బచ్చలి తీగె గుచ్చు. నెల తిరగకముందే తెంపుకుంటవ్" అంది. ఆమె ఏ వ్యవసాయ కళాశాలలోనూ చదవలేదు గాని ఆ మాట అక్షరాలా నిజం. పాలమూరు ఎండ నలభై డిగ్రీలు దాటే నెలల్లో కొత్తిమీర సరిగా మొలవదు, మొలిచినా తొందరగా పూతకు పోతుంది. తోటకూర, గోంగూర, బచ్చలి మాత్రం ఎండను తట్టుకుంటాయి. తోటకూర లేతగా ఉన్నప్పుడు మూడు నాలుగు వారాలకే కోసుకోవచ్చు. పైపైన తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. మెంతులు వంటింటి డబ్బాలోవే చాలు. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక కనిపిస్తుంది, కాకపోతే మధ్యాహ్నపు ఎండకు పాత చున్నీ ఏదైనా నీడగా కట్టాలి. బజారులో కొన్న పుదీనా కట్టలో ఆకులు దూసుకున్నాక కాడలు పారేయకుండా గ్లాసు నీళ్ళలో నిలబెడితే వారం పది రోజులకు వేళ్ళు వస్తాయి. వాటిని కుండీలో నాటి, ఉదయపు ఎండ మాత్రమే తగిలే గోడవార పెట్టాలి. కొత్తిమీర వర్షాలు పడి చల్లబడ్డాక వేసుకోవచ్చు. ధనియాలను చెప్పుతోనో పీటతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి వేయాలన్న సంగతి మరిచిపోరాదు. టమాటా నారు నాటాక కాయ పండడానికి రెండు నెలలపైనే పడుతుంది కనుక రమజాన్‌లో నాటినవాళ్ళు ఈద్‌కు దాని ఆశ పెట్టుకోలేదు.

కుండీలు కొననక్కరలేదు. రంగు డబ్బాలు, సిమెంటు సంచులు, పండ్లు వచ్చే థర్మకోల్ పెట్టెలు సరిపోతాయి. అడుగున నీళ్ళు పోవడానికి రంధ్రాలు ఉంటే చాలు. రంగు డబ్బాను మాత్రం బాగా కడిగి ఎండబెట్టాలి. మట్టిలో మాగిన పశువుల ఎరువు కలపాలి, పచ్చి పేడ వేళ్ళను మాడ్చేస్తుంది. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు ఒక డబ్బాలో పొరలు పొరలుగా వేసి కాస్త తడి చూసుకుంటూ ఉంటే రెండు మూడు నెలలకు నల్లటి ఎరువు అవుతుంది. ఎముకలు, ఉప్పూకారం కలిసిన అన్నం అందులో వేస్తే పురుగు పడుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోయవచ్చు, గంజిలో ఉప్పు వేసి ఉంటే పోయరాదు. మేడ బరువు కూడా చూసుకోవాలి. పాత ఇళ్ళ కప్పు మీద నడుమన కాకుండా గోడల మీద పడేట్టు డబ్బాలు పేర్చాలి, కింద రెండు ఇటుకలు పెడితే చెమ్మ దిగదు.

ఆ రమజాన్‌లో పిల్లలు ఇఫ్తార్ ఖర్జూరాల గింజలు కూడా నాటారు. గింజ నుంచి వచ్చిన ఖర్జూరపు చెట్టు మగదో ఆడదో పూత వచ్చేదాకా తెలియదు. అందుకు ఏళ్ళు పడుతుంది. ఈ సంగతి చెప్పినా పిల్లలు వినలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు, ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటేయమన్న హదీసును వాళ్ళకు నేర్పింది నేనే కదా. సల్మాన్ ఫార్సీ (రజి) వృత్తాంతం కూడా వాళ్ళకు అప్పుడే చెప్పాను. ఆయన బానిసత్వం నుంచి విముక్తి పొందడానికి యజమాని పెట్టిన షరతు 300 ఖర్జూరపు మొక్కలు నాటడం, 40 ఊఖియాల బంగారం ఇవ్వడం. దైవప్రవక్త (స) మీ సోదరునికి సాయపడండని సహాబాలకు చెబితే ఒకరు ముప్పై మొక్కలు, ఒకరు ఇరవై, ఒకరు పదిహేను, ఒకరు పది, ఎవరికి ఉన్నంతలో వారు తెచ్చారు. గుంటలు అందరూ కలిసి తవ్వారు. నాటింది దైవప్రవక్త (స) స్వహస్తాలతో. ఈ కథ విన్నాక మా మేడమీది తోటకూర నారు నాలుగిళ్ళకు పోయింది, వాళ్ళ దగ్గరి నుంచి బచ్చలి తీగ, మిరప నారు మా ఇంటికి వచ్చాయి.

ఇంటి ఆవరణలో పెరిగిన దానిమీద ఉష్ర్ విధి కాదని మన హనఫీ ఫుఖహా చెప్పారు. కాబట్టి నాలుగు డబ్బాల తోటకూరకు ఎవరూ లెక్క అడగరు. అయినా కోసిన రోజునే ఒక కట్ట పక్కింటికి పంపే అలవాటు ఆ రోజుల్లో పడింది. జీతం రాని ఇంటి తలుపు తట్టి బియ్యం సంచి ఇస్తే తీసుకోవడానికి వాళ్ళకు మనసు ఒప్పదు. "మా మేడమీద ఎక్కువ కాసింది ఖాలా, ఎండిపోతుంది, కొంచెం తీసుకోండి" అంటే కాదనరు. రెండు రోజుల తర్వాత అదే గిన్నెలో వాళ్ళు నాలుగు నిమ్మకాయలు పెట్టి పంపుతారు. ఎవరు ఎవరికి సాయం చేసినట్టో ఎవరికీ తెలియదు. జకాత్, ఫిత్రా పంపిణీ చేసే మన కమిటీల వారు ఈ మర్యాదను కాస్త గమనిస్తే బాగుండును. ఫోటో తీయకుండా ఇచ్చే సంచి తేలిగ్గా ఉన్నా ఫరవాలేదు.

లాక్‌డౌన్ ఎత్తేశాక ఈ తోటలు చాలామటుకు పోయాయి. పోవడానికి కారణం సోమరితనం ఒక్కటే కాదు, నీళ్ళు కూడా. కొళాయి రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో మొక్కకు బకెట్ నీళ్ళు ఎక్కడివి అని అడిగేవాళ్ళను తప్పు పట్టలేం. అయితే ఒక లెక్క చూడండి. ఐదుగురున్న ఇంట్లో అందరూ ఐదు పూటలా ఇంట్లోనే వజూ చేస్తే, పూటకు మనిషికి రెండు లీటర్ల చొప్పున రోజుకు 50 లీటర్లు. పది డబ్బాల మొక్కలకు అది దండిగా సరిపోతుంది. కొళాయి తిప్పి వదిలేసే అలవాటుంటే అంతకు ఎన్నో రెట్లు మోరీలోకి పోతుంది. దైవప్రవక్త (స) ఒక 'ముద్ద్' నీటితో వజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ముద్ద్ అంటే రెండు చేతులు చేర్చి పట్టే దోసెడు కొలత. పారే నది ఒడ్డున ఉన్నా వజూలో నీళ్ళు వృథా చేయరాదని సఅద్ (రజి)కి చెప్పిన మాటను ఇబ్నె మాజా నమోదు చేశారు.

వజూ చేసిన నీళ్ళు మొక్కలకు పోయవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నిరభ్యంతరంగా పోయవచ్చు. వాడిన నీరు, అంటే 'మాయె ముస్తామల్', దానంతట అది పాకే, దానితో మళ్ళీ వజూ చెల్లదు, అంతే. హనఫీ మజ్‌హబ్‌లో ఫత్వా దీనిమీదే ఉంది. ఇంట్లో ఒక తొట్టి కింద పెట్టి వజూ చేసుకుంటే సరి. మస్జిదుల్లో పని ఇంకా సులువు. వజూఖానా కాలువను మోరీలో కలపకుండా ఆవరణలోని చెట్ల వైపు మళ్ళించడానికి ఒక మేస్త్రీకి రెండు రోజుల పని. చేతులు కడుక్కునే సబ్బు నీళ్ళు, మరుగుదొడ్ల నీళ్ళు దాంట్లో కలవకుండా గొట్టం వేరు చేయించాలి. కాలువ మధ్యలో చిన్న గుంట తవ్వి కంకర, ఇసుక నింపితే చెత్త అక్కడే ఆగుతుంది. నీళ్ళు నిలిస్తే దోమలు చేరతాయి కనుక వాలు బాగా ఉండాలి. కరివేపాకు, మునగ, నిమ్మ ఇటువంటి చోట బాగా వస్తాయి. మునగకు నారు కూడా అక్కరలేదు, చేతి మందం కొమ్మ ఒకటి గుచ్చితే చాలు. ముతవల్లీలు ఎండలు ముదరక ముందే ఈ పని చేయించుకుంటే మేస్త్రీలు తీరికగా దొరుకుతారు.