చూపు పక్షులపై... బండి ఎటు?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకి చాలాదూరం రెండుపక్కలా పులికాట్ సరస్సే. చలికాలంలో అక్కడ ఫ్లెమింగోలు కనిపిస్తే చూపు తిప్పుకోవడం కష్టం. చిక్కంతా అక్కడే! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ రెండే రెండు సెకన్లు అటు చూస్తే... ఆలోగా బండి 33 మీటర్లు దూసుకుపోతుంది. ఎదురుగా లారీ వస్తే? చూడాలనుంటే, వెడల్పున్నచోట బండి పక్కకి ఆపి దిగాల్సిందే.

ఆ రోడ్డు చివరనున్న షార్‌లో అయితే తొందరకి చోటే లేదు. సాంకేతిక లోపం కనపడగానే 2019 జులై 15న చంద్రయాన్‌-2 ప్రయోగాన్ని 56 నిమిషాల ముందు ఆపేశారు. రాకెట్ 22న ఎగిరింది. అదే రాకెట్‌ను చూడ్డానికి బయల్దేరే కుర్రాళ్లు మాత్రం ఇంట్లో మరిచిన హెల్మెట్ కోసం పది నిమిషాలు వెనక్కి రారు! వెనక కూర్చున్నవాళ్లకీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకీ చట్టప్రకారం హెల్మెట్ ఉండాల్సిందే.