బళ్ళు ఆగిన దారి... మన నడకకు రాదారి!

పొద్దున్నే పనులన్నీ ఒక కొలిక్కి తెచ్చుకుని ఒక్క అరగంట నడిచొద్దామని గుమ్మం దాటితే, ఎక్కడ నడవాలో తెలియని పరిస్థితి మనలో చాలామందిది. డాక్టరుగారేమో "రోజూ నడవండమ్మా" అని తేలిగ్గా చెప్పేస్తారు. షుగరుకీ నడకే మందు, బీపీకీ నడకే మందు. తీరా రోడ్డెక్కితే ఒకపక్క ఆటోలు, ఇంకోపక్క స్కూటర్లు. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద టిఫిను బండి! ఈ బాధ పడలేక డాబా మీదే గానుగెద్దులా గుండ్రంగా తిరిగేవాళ్ళు మా భవానీపురంలో ఎంతమందో.

అలాంటప్పుడు "ఫలానా దారిలో ఇక బళ్ళు రావు, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మాత్రమే" అని ఎవరైనా అంటే ప్రాణం లేచొస్తుంది కదండీ! మూతపడ్డ పాత దారులను ఇలా మార్చడం ప్రపంచంలో చాలా చోట్ల జరుగుతోంది. మన రాష్ట్రంలోనూ ఒక పెద్ద దారి ఇందుకోసం ఎదురుచూస్తోంది.

గోదారి మీద పాత వంతెన

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీదున్న హేవలాక్ వంతెన సంగతే నేను చెబుతున్నది. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్ళు నడిపారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. మొత్తం 56 ఖానాలు, ఒకే రైలు దారి. రైలు గోదారి దాటుతుంటే కిటికీలోంచి చిల్లర పైసలు వేసి దణ్ణం పెట్టుకున్నవాళ్ళం మనలో ఎందరో ఉన్నాం. పక్కనే కొత్త ఆర్చి వంతెన రావడంతో 1997లో దీనికి విశ్రాంతి ఇచ్చారు.

దీన్ని జనం నడిచే దారిగా, చూడదగ్గ చోటుగా మార్చాలన్న మాట ఏళ్ళ తరబడి వినబడుతూనే ఉంది. చివరికి 2025 జూన్ 26న అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. 94 కోట్ల పైచిలుకు రూపాయల ఆ పథకంలో ఈ వంతెన కూడా ఉంది. సంతోషమే! కానీ శంకుస్థాపన చూసి చప్పట్లు కొట్టేసి ఊరుకుంటే చాలదు. ఆ దారి ఎవరి కోసమో మనం ఇప్పుడే అడగాలి.

ఎందుకంటే వంతెన నేల మీద ఉండదు, ఎత్తులో ఉంటుంది. పైకెక్కడానికి మెట్లు మాత్రమే కట్టారనుకోండి. మనం, పిల్లలు చకచకా ఎక్కేస్తాం. మోకాళ్ళ నొప్పుల అత్తగారు, చక్రాల కుర్చీలో ఉన్న బాబాయిగారు, నెలలు నిండిన అమ్మాయి కింద కూర్చుని మన సంచులు కాపలా కాయాలి. అప్పుడది అందరి దారి ఎలా అవుతుంది?

ఊరి మధ్యలో దారి మూస్తే

కట్టుబడి అక్కర్లేని పద్ధతి ఇంకోటి ఉంది. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద పొద్దున్నపూట కొన్ని గంటలు బళ్ళు ఆపి నడిచేవాళ్ళకు వదిలే అలవాటు ఎన్నో ఏళ్ళుగా ఉంది. హైదరాబాదులో 2021లో ఆదివారం సాయంత్రాలు టాంక్‌బండ్ మీద బళ్ళు ఆపితే ఇంటిల్లిపాదీ తరలివచ్చారు. పారిస్‌లోనైతే సెయిన్ నది కుడి ఒడ్డున కార్లు దూసుకుపోయే రోడ్డును 2016లో పూర్తిగా మూసేసి, నడకకూ సైకిళ్ళకూ ఇచ్చేశారు. కార్లవాళ్ళు మొదట గగ్గోలు పెట్టారు. అయినా ఆ దారి నడిచేవాళ్ళకే ఉండిపోయింది.

ఇవి ఉన్నాయో లేదో చూడండి

ఏ ఊళ్ళోనైనా ఇలాంటి దారి వస్తుంటే ఈ కింది సంగతులు గమనించండి. వంటింటి గట్టు ఎత్తు మనకు అందేలా కట్టించుకుంటాం కదా, ఇదీ అంతే.

1. వాలు: ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. అంటే నాలుగు మెట్ల ఎత్తు, సుమారు రెండడుగులు, ఎక్కాలంటే 24 అడుగుల వాలన్నమాట. ఎత్తు ఎక్కువైతే 30 అడుగులకొకసారి చదునుగా ఆగే చోటు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి.

2. ప్రవేశం: మోటారు సైకిళ్ళు రాకుండా ఇనప స్తంభాలు పాతుతారు. మంచిదే. కానీ వాటి మధ్య మూడడుగులైనా ఖాళీ లేకపోతే చక్రాల కుర్చీ కూడా బయటే ఆగిపోతుంది. మెలికల గేట్లయితే మరీ ఇబ్బంది.

3. నేల: అందం కోసం నున్నటి టైల్సు వేస్తే వానాకాలం జారి పడతాం. ఎగుడుదిగుడు రాళ్ళయితే చక్రాలు ఇరుక్కుంటాయి. గరుకుగా, సమంగా ఉండాలి. చూపు లేనివాళ్ళకు కాలికి తగిలే గీతల పలకలు దారి పొడవునా వేయాలి.

4. సైకిలుకు వేరే దారి: రంగు గీత గీసి వదిలేస్తే పిల్లల సైకిళ్ళొచ్చి పెద్దవాళ్ళను తగులుతాయి. మధ్యలో చిన్న గట్టో, మొక్కల వరసో ఉండాలి.

5. నీడ, దీపాలు, మరుగుదొడ్డి: హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు దారికి సౌర పలకలతో కప్పు వేశారు. కరెంటుకు కరెంటు, నీడకు నీడ! బెజవాడ ఎండలకు కనీసం వేప, కానుగ చెట్లయినా కావాలి. దీపాలు లేకపోతే చీకటి పడ్డాక ఆడవాళ్ళు రారు. మరుగుదొడ్డి లేకపోతే షుగరున్నవాళ్ళు అసలే రారు.

ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చేవి కావండోయ్! వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. జనం వాడుకునే చోట్లు అందరికీ అందుబాటులో ఉండాలని ఆ చట్టమే చెబుతోంది.

మన కృష్ణ ఒడ్డున

దసరా నవరాత్రుల్లో దుర్గగుడి కింద రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు. అదే దారిలో పసిపిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా నడుస్తారు. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ మొదలయ్యాక చాలా బళ్ళు పైనుంచే పోతున్నాయి. మరి ఆదివారం పొద్దున ఓ రెండు గంటలు ఆ కింది రోడ్డు నడకకూ పిల్లల సైకిళ్ళకూ ఇస్తే ఎలా ఉంటుందంటారు? గుడికొచ్చేవాళ్ళకూ అంబులెన్సుకూ దారి వదలాలి. అక్కడి చిన్న కొట్లవాళ్ళతో, ఆటోవాళ్ళతో ముందే మాట్లాడాలి. వాళ్ళ పొట్ట కొట్టి మన పొట్ట తగ్గించుకుంటే ఏం బాగుంటుంది!

మీ ఊళ్ళోనూ వాడకం తగ్గిన పాత రోడ్డో, కాలవ గట్టో, మూసేసిన వంతెనో ఉండే ఉంటుంది. ఇరుగుపొరుగు పదిమంది కలిసి ఒక ఆదివారం దాన్ని చూసి రండి. కర్ర సాయంతో నడిచే పెద్దావిడను, చక్రాల కుర్చీలో తిరిగేవారిని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో అక్కడల్లా ఒక గుర్తు రాసుకోండి. ఆ కాగితమే మీ అర్జీ. అందరూ సంతకాలు చేసి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోవడం మాత్రం మరచిపోకండి.