ఊపిరికి అడ్డుపడే గడ్డ

నంద్యాల నుంచి కడప వైపు బస్సులో వెళితే దారిలో ఆళ్లగడ్డ వస్తుంది. రాతిని దేవుడిగా మలిచే శిల్పులకు ఆ ఊరు పేరుపొందింది. పని జరిగే చోట పొద్దుటి నుంచి ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఉలి పట్టిన చేతికి ఎప్పుడో ఒకప్పుడు రాతి పెచ్చు తగిలి గాటు పడక మానదు. అప్పుడు శిల్పి ఏం చేస్తాడు? ఆ చోటును వేలితో గట్టిగా అదిమి పట్టుకుంటాడు. కొద్ది నిమిషాలకు నెత్తురు ఆగిపోతుంది. మళ్లీ సుత్తి అందుకుంటాడు.

మరి నెత్తురును ఆపినది ఎవరు? నెత్తురే! అక్కడ చిన్న గడ్డగా మారి, కారిపోయే దారిని తానే మూసింది. ఇంత మేలు చేసే గడ్డే కరోనా రోజుల్లో ఎందరికో ఊపిరి అందకుండా చేసింది. నేస్తం శత్రువుగా ఎలా మారిందో తెలుసుకుందామా?

గాటుకు అడ్డుకట్ట

మన రక్తంలో రక్తఫలకికలు అనే అతి చిన్న కణాలున్నాయి. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి 1,50,000 నుంచి 4,50,000 వరకు ఉంటాయి. రక్తనాళం తెగిందనగానే ఇవి పరుగున వచ్చి అక్కడ అతుక్కుంటాయి. ఆ వెంటనే రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే మాంసకృత్తు, ఫైబ్రిన్ అనే సన్నని దారాలుగా మారుతుంది. ఆ దారాలు వలలాగా అల్లుకుంటాయి. వలలో రక్తకణాలు చిక్కుకుంటాయి. అదే నెత్తురు గడ్డ.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. అడుగున చిటికెన వేలు పట్టేంత రంధ్రం ఉన్న పాత డబ్బా ఒకటి తీసుకోండి. గుప్పెడు కందిపప్పు కలిపిన నీళ్లు అందులో పోయండి. నీళ్లూ పప్పూ కలిసి కిందికి పోతాయి. ఇప్పుడు రంధ్రం మీద కాస్త కొబ్బరి పీచు పరిచి మళ్లీ పోయండి. పప్పు పీచులో చిక్కుకుంటుంది. పప్పు పేరుకునే కొద్దీ నీటి ధార సన్నబడుతుంది. పీచు ఫైబ్రిన్ అనుకోండి, పప్పు రక్తకణాలు అనుకోండి.

గాయం మానాక ఈ గడ్డతో పని ఉండదు. అప్పుడు ప్లాస్మిన్ అనే పదార్థం ఆ దారాలను ముక్కలుగా కోసి కరిగించేస్తుంది. కట్టేవాడూ మన ఒంట్లోనే ఉన్నాడు, విప్పేవాడూ మన ఒంట్లోనే ఉన్నాడు. ఇద్దరి మధ్య తూకం తప్పినప్పుడే చిక్కంతా.

ఏటిలో దుంగ, కాలువలో దుంగ

ఎక్కువ రోజులు కదలకుండా మంచం పట్టినవారికి, ఒక్కొక్కసారి గాయమేమీ లేకుండానే కాలి సిరలో గడ్డ కడుతుంది. అది ఊడి రక్తంతోపాటు కొట్టుకుపోతే చివరికి చేరేది ఊపిరితిత్తికే! కాలెక్కడ? ఊపిరితిత్తి ఎక్కడ? మధ్యలో ఎక్కడా ఆగకుండా అంతదూరం ఎందుకు పోవాలి?

దీనికి జవాబు నంద్యాల వాళ్లకు సులభంగా తెలుస్తుంది. అక్కడ కుందూ నది ఉంది. వాగులూ వంకలూ దానిలో కలుస్తాయి. అది పోయి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. అంటే పోయే కొద్దీ దారి వెడల్పవుతుంది. వంకలో పడిన దుంగ కుందూలోకి, అక్కడి నుంచి పెన్నలోకి హాయిగా తేలుతూ పోతుంది. కాని ఆ ప్రాంతంలోనే కర్నూలు–కడప కాలువ కూడా ఉంది. జనం కె.సి. కెనాల్ అంటారు. దాని తీరు వేరు. పెద్ద కాలువ నుంచి చిన్న కాలువలు, వాటి నుంచి పిల్ల కాలువలు చీలుతూ పొలాలకు పోతాయి. పోయే కొద్దీ దారి సన్నబడుతుంది. అందులో దుంగ పడితే ఏదో ఒక తూము దగ్గర ఇరుక్కోక తప్పదు.

సిరలు కుందూ వంటివి. కాలి నుంచి గుండె వరకు అవి కలుస్తూ, వెడల్పవుతూ వస్తాయి. గడ్డ వాటిలో ఎక్కడా ఆగదు. గుండె కుడి గదుల గుండా కూడా దూసుకుపోతుంది. గుండె దాటాక పుపుస ధమని వస్తుంది. అది కాలువ వంటిది. చీలి చీలి చివరకు వెంట్రుక కంటె సన్నని కేశనాళికలవుతుంది. గడ్డకు మొదటిసారి ఇరుకు దారి ఎదురయ్యేది అక్కడే!

ఊపిరితిత్తుల్లో వాయుగోణులు అనే గాలి తిత్తులు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. ప్రతి తిత్తి చుట్టూ కేశనాళికల అల్లిక ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి చేరేది అక్కడే. నిమోనియా వస్తే గాలి తిత్తుల్లో ద్రవం నిండుతుంది. రక్తం వస్తుంది, గాలి అందదు. గడ్డ అడ్డుపడితే అందుకు తలకిందులు. గాలి వస్తుంది, రక్తం అందదు. దుక్కి దున్ని సిద్ధంగా ఉన్నా నీరు రాని కాలువ చివరి పొలం లాంటిదన్నమాట. గడ్డ పెద్దదైతే గుండె కుడి జఠరిక అడ్డాన్ని నెట్టలేక అలసిపోతుంది. ప్రాణాపాయం కూడా కలుగుతుంది.

కరోనా వచ్చిన వేళ

2020 వసంతంలో కరోనా మన రాష్ట్రానికి వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. నంద్యాల జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న. 2020 ఏప్రిల్ నాటికి రాష్ట్రంలో వ్యాధి బాగా పెచ్చుపెరిగిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. నంద్యాల వీధులకు కూడా కంచెలు పడ్డాయి.

మొదట్లో అందరూ దీన్ని నిమోనియా తెచ్చే జబ్బుగానే చూశారు. కాని ప్రపంచమంతటా వైద్యులకు ఒక వింత ఎదురైంది. జ్వరం తగ్గి కోలుకుంటున్నాడనుకున్న మనిషి ఉన్నట్టుండి ఆయాసపడేవాడు. కొందరు మంచం మీంచి లేచి నాలుగడుగులు వేయగానే కుప్పకూలేవారు. ఏమిటిది?

నెదర్లాండ్స్‌లో ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో ఉన్న 184 మంది కరోనా రోగులను పరిశీలించి 2020 ఏప్రిల్‌లో ఫలితాలు ప్రకటించారు. 31 శాతం మందికి రక్తపు గడ్డల వల్ల ఇబ్బంది కలిగింది. అందులో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోని గడ్డలే. అదే ఏడాది మరొక బృందం కరోనాతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులను, ఇన్‌ఫ్లూయెంజాతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులతో పోల్చి చూసింది. కరోనా రోగుల కేశనాళికల్లో చిన్న గడ్డలు 9 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అంటే గడ్డలు కాలి నుంచి కొట్టుకు రావడమే కాదు, ఊపిరితిత్తుల్లోనే పుడుతున్నాయన్నమాట!

మూడు కారణాలు

సిరల్లో గడ్డ ఊడి ఊపిరితిత్తికి చేరగలదని 19వ శతాబ్దంలో రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడు నిరూపించాడు. గడ్డ కట్టడానికి మూడు కారణాలున్నాయని నేటికీ ఆయన పేరు మీదే చెబుతారు. ఒకటి, రక్తం నెమ్మదిగా పారడం. రెండు, రక్తనాళపు లోపలి గోడ దెబ్బతినడం. మూడు, రక్తానికి గడ్డ కట్టే గుణం పెరగడం.

కరోనాలో ఈ మూడూ ఒక్కచోట చేరాయి. రోగి రోజుల తరబడి మంచం మీద ఉంటాడు. రక్తనాళాల లోపలి పొర వాచి దెబ్బతింటుంది. వైరస్‌తో పోరాడే ఆవేశంలో శరీరం గడ్డకట్టించే పదార్థాలను అతిగా తయారు చేస్తుంది. ఇంటికి దొంగ వస్తే వీధి తలుపుతోపాటు వంటింటి తలుపూ, గాలి వచ్చే కిటికీలూ అన్నీ మూసేసినట్టు!

వెదికింది ఒకటి, దొరికింది మరొకటి

దీనికి మందు ఉందా? ఉంది. దాని కథ తమాషాగా ఉంటుంది. 1916లో అమెరికాలో జే మక్లీన్ అనే వైద్య విద్యార్థి రక్తాన్ని గడ్డ కట్టించే పదార్థం కోసం వెతుకుతున్నాడు. కుక్క కాలేయం నుంచి తీసిన పదార్థం మాత్రం రక్తాన్ని గడ్డ కట్టనివ్వలేదు! దాని వెంట సాగిన పరిశోధనల ఫలితమే హెపారిన్. గ్రీకు భాషలో కాలేయాన్ని హెపార్ అంటారు. ఇది ఉన్న గడ్డను కరిగించదు, కొత్తది కట్టకుండా, పాతది పెరగకుండా చూస్తుంది. కరిగించే పని మన ప్లాస్మిన్‌దే.

ప్లాస్మిన్ కోసిన ఫైబ్రిన్ ముక్కలను రక్తంలో లెక్కించే పరీక్షే, కరోనా రోజుల్లో మీ ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకున్న డి-డైమర్. అది ఎక్కువైతే అనుమానించాలి. గడ్డ ఉందో లేదో తేల్చడానికి, సిరలోకి ప్రత్యేకమైన మందు ఎక్కించి సి.టి. స్కాన్ తీస్తారు.

అయితే హెపారిన్ అందరికీ ఎక్కువ మోతాదులో ఇస్తే సరిపోతుందా? 2021లో అనేక దేశాల ఆసుపత్రులు కలిసి దీన్ని పరీక్షించాయి. ఆసుపత్రిలో చేరినా ఇంకా విషమించని రోగులకు పెద్ద మోతాదు మేలు చేసింది. బాగా విషమించిన వారికి అదే మోతాదు అదనపు మేలు చేయలేదు. మందు ఒకటే, వేళ వేరు! పైగా మోతాదు మించితే రక్తస్రావం అవుతుంది. అందుకే వైద్యుడు చెప్పనిదే దాని జోలికి పోకూడదు.

మనం చేయగలిగిన పని కూడా ఉంది. నడిచేటప్పుడు పిక్కల కండరాలు సిరలను నొక్కి రక్తాన్ని పైకి పంపుతాయి. కనుక జబ్బు పడ్డ తాతయ్యను వైద్యుడు లేచి నడవమన్నప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించండి. ఎవరికైనా ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు పొడిచినా రేపు చూద్దామనకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమని పెద్దవాళ్లకు చెప్పండి.

ఈసారి ఆడుకుంటూ పడి మోకాలు చీరుకుపోతే, దాని మీద కట్టిన పక్కును గిల్లకండి. లోపల పని ఇంకా పూర్తి కాలేదు. పూర్తయ్యాక అదే రాలిపోతుంది.