పసుపు ముద్ద బూజు కాదు

వానకాలంల మన కామాటిపుర చాళ్ల వెనక, నానిన పాత కట్టె మీద పసుపు రంగు ముద్ద కనబడితే బూజు అంటరు, ఫినాయిల్ పోస్తరు. దాన్ని ఇంగ్లీషుల స్లైమ్ మోల్డ్, అంటే జిగురు బూజు అంటరు. పేరే తప్పు!

మొదట పండితులు గూడ పుట్టగొడుగుల జాతిల కలిపిన్రు. 1859ల జర్మనీ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఇది జంతువులకు దగ్గర అన్నడు. ఇప్పుడు అమీబాల వంశంల పెట్టిన్రు. అరచెయ్యంత ముద్దయినా ఒక్కటే కణం, లోపల కేంద్రకాలు మాత్రం వేలకు వేలు. కంటికి తెల్వనంత మెల్లగ పాకుతది, బాక్టీరియాను మింగుతది. కట్టెను తినది.

ఇసొంటిదే ఇంకో పసుపు రకంతోని జపాన్‌ల చేసిన పరీక్ష 2010ల అచ్చయింది. టోక్యో చుట్టుపక్కల ఊర్లున్న తావుల్ల ఓట్స్ పెడితే, మెదడు లేని ఆ జీవి అక్కడి రైలు పట్టాలసొంటి దారులే అల్లింది. సాంచ మీద దారం చూసిన నాకు గిదే బాగ నచ్చింది.

ఎండినంక ముద్ద పొడి అయితది. అది ఉబ్బసం ఉన్నోళ్లకు పడకపోవచ్చు. మిల్లుల దూది దుమ్ము పీల్చి దమ్ము పట్టినోళ్లు మన ఇండ్లల్ల తక్కువున్నరా? చీపురుతోని దులపకుండ్రి. తడిగ ఉన్నప్పుడే ముక్కుకు గుడ్డ కట్టుకొని, రేకుతోని ఎత్తి పారెయ్యండి.