మీకు తెలుసా? పిల్లలతో ఊరెళ్తుంటే సంచిలో మొదట పడాల్సింది ఇదే!

పిల్లలతో ప్రయాణం అనగానే జ్వరం మందు, దగ్గు మందు సర్దేస్తాం. వాటికంటే ముందు పడాల్సింది ఓఆర్‌ఎస్ పొడి పొట్లం. నీళ్లు మారి, బయటి తిండి పడక విరేచనాలు పట్టుకుంటే పెద్దవాళ్లు ఒక పూట ఓర్చుకుంటారు. ఏడాది బిడ్డ గంటల్లోనే వాడిపోతుంది.

ఈ పొడి సత్తా లోకానికి తెలిసింది శరణార్థి శిబిరంలో. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ నిండుకుంటుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి దిగాయి. కిటుకు గ్లూకోజులో ఉంది. పేగు గోడ గుండా అది ఉప్పును తనతో లాక్కెళుతుంది, ఉప్పు వెంట నీళ్లూ లోపలికి వెళతాయి.

అందుకే కొలత తప్పకూడదు. పెద్ద పొట్లంలో ఉండేది 20.5 గ్రాములు, అది సరిగ్గా లీటరు నీళ్లకు. సగం పొట్లం గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం. 200 మి.లీ.కి సరిపోయే చిన్న పొట్లాలూ దొరుకుతాయి, ప్రయాణానికి అవే మేలు. కలిపినవి 24 గంటలు దాటితే పారబోయండి.

అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటిపై ఆ పేరు ఉండకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరును నిషేధించింది. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

దగ్గు మందు ఇంట్లోనే వదిలేయొచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దని కేంద్ర ఆరోగ్య శాఖే సూచించింది. జ్వరానికి ఆస్పిరిన్ అసలే వద్దు. థర్మామీటరు, కట్టు గుడ్డ, బిడ్డ రోజూ వాడే మందులు, డాక్టరు చీటీ మాత్రం సంచిలో ఉండాలి. ఎండలో ఆపిన కారులో మందులు వదలకండి.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. ప్యారాసిటమాల్ చుక్కల మందు ఒక్క మి.లీ.లో సాధారణంగా 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో అయితే 5 మి.లీ.కి 120 లేదా 250 మి.గ్రా. అంటే చుక్కల మందే చిక్కన! రాత్రి బస్సులో, చీకట్లో, సిరప్ అనుకుని చుక్కల మందు ఒక చెంచా పోస్తే మోతాదు రెండు నుంచి నాలుగు రెట్లు అవుతుంది. ఇంటి చెంచాలూ ఒక్క సైజులో ఉండవు. సీసాతో వచ్చిన కొలత మూతో, సిరంజో దానికే రబ్బరు బ్యాండుతో కట్టేయండి. బయల్దేరే ముందు డాక్టరు చెప్పిన మోతాదును మి.లీ.లలో సీసా మీదే పెద్ద అక్షరాలతో రాసుకోండి.