ఉన్నవా? ఉన్న, చెప్పు

నాయన ఫోన్లో మోటరు 'నడుస్తున్నది' అని ఉంది. బోరు దగ్గర చూస్తే ఎప్పుడో ఆగిపోయింది. పెద్ద శంకరంపేటలో ఇంట్లో కూర్చుని కోడ్ రాసుకునేవాణ్ని, దొరికిపోయాను. "మీ కంప్యూటరోళ్ల పని ఇట్లనే ఉంటదా?" అన్నాడు. స్టార్టర్ డబ్బాలో సిమ్ ఉంది, సిగ్నల్ ఉంది. కనెక్షన్ మాత్రం తెగిపోయింది. తెగినట్టు సర్వరుకు తెలియదు కనుక చివరిసారి విన్న మాటే చూపిస్తోంది.

సరిగ్గా ఆ వారమే మా లైబ్రరీలో, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌లో, ఒక మార్పు నా రివ్యూకి వచ్చింది. ఒకరు రాసిన కోడ్‌ను అందరి కోడ్‌లో కలిపే ముందు ఇంకొకరు చదవడమే రివ్యూ. వచ్చినవి నాలుగు లైన్లు. నాకు ఒక పూట పట్టింది.

అవి సాకెట్ ఆప్షన్లు. ప్రోగ్రాం నెట్‌వర్క్‌తో మాట్లాడేది సాకెట్ ద్వారానే. 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన ఈ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. దాని వెనక ఉండే చిన్న చిన్న స్విచ్చులే ఆప్షన్లు. ఇక్కడ వేసింది 'కీప్ అలైవ్' అనే స్విచ్. ఫోన్లో అవతలి మనిషి సప్పుడు చేయకపోతే మనం "ఉన్నవా?" అంటాం, "ఆఁ, ఉన్న, చెప్పు" అంటారు. అంతే సంగతి. కాకపోతే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఓపిక ఎక్కువ. స్విచ్ వేసినా, వేరే ఏమీ చెప్పకపోతే 2 గంటలు మౌనంగా ఉండి అప్పుడు అడుగుతుంది. జవాబు రాకుంటే 75 సెకన్లకోసారి, మొత్తం 9 సార్లు అడిగి వదిలేస్తుంది.

మొబైల్ కంపెనీలు ఒకే అడ్రసును చాలామందికి పంచుతాయి. ఏ కనెక్షన్ ఎవరిదో ఒక పట్టికలో రాసుకుంటాయి. మాట్లాడని కనెక్షన్‌ను కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలని 2008లో ఇంటర్నెట్ ప్రమాణం రాశారు. ఆ 2 గంటల లెక్క కీప్ అలైవ్‌దే. కానీ చాలా నెట్‌వర్కులు అంతసేపు ఆగవు, ముందే కొట్టేస్తాయి. అందుకే ఈ మార్పు రాసిన మా కుర్రాడు 30 అని పెట్టాడు. ఆలోచన మంచిదే.

30 ఏమిటి? లైనక్స్‌లో సెకన్లు. విండోస్ పాత పద్ధతిలో మిల్లీసెకన్లు. అదే అంకె అక్కడికి పోతే సెకనుకు ఎన్నోసార్లు "ఉన్నవా ఉన్నవా" అని పీక్కుతింటుంది. మాక్‌లో ఆ ఆప్షన్‌కు పేరే వేరు. పైగా స్విచ్ పడిందో లేదో చెప్పే జవాబును కోడ్ చూడటమే లేదు. ఇదొకటీ నాకు గిట్టదు.

నాలుగో లైను దొంగచాటుగా వచ్చింది: 'నోడిలే'. 1984లో జాన్ నేగల్ అనే ఇంజినీరు ఒక చిక్కు రాశాడు. ఒక్క అక్షరం పంపాలన్నా దాని మీద 40 బైట్ల చిరునామా కాగితం అంటించాలి. ఆయన ఉపాయం మన షేర్ ఆటో లాంటిది: ముందు పోయిన ఆటో చేరిందని కబురు వచ్చేదాకా, లేదా సీట్లు నిండేదాకా కదలదు. నోడిలే వేస్తే ఒక్కడెక్కినా బయల్దేరుతుంది. త్వరగా కావాల్సినవాళ్లకు వరమే. కానీ లైబ్రరీ వాడే అందరికీ, చెప్పకుండా ఎందుకు? అది వేరే మార్పుగా పంపమన్నాను.

"అన్నా, నాలుగు లైన్లే కదా?" అని ఫోన్ చేశాడు. బ్యాటరీ మీద నడిచే పరికరంలో 30 సెకన్లకోసారి రేడియో మేల్కొంటుందని చెప్పాను. మర్నాడు అంకెను వాడేవాళ్ల చేతికే ఇచ్చి, సెకన్లని పేరులోనే రాసి పంపాడు. కలిపేశాను.

నాయన డబ్బాలో ఉన్నది మా లైబ్రరీ కాదు. అమ్మినవాళ్లను అడిగితే సిమ్ మార్చమన్నారు. మార్చాం. నాయన ఇప్పుడు కూడా ముందు ఫోన్ చూస్తాడు, తర్వాత బండి తీసి బోరు దగ్గరికి పోయి వస్తాడు.