కాలి గోరు పుచ్చితే: ఇంటి మందులు ఎంతవరకు? అసలు గోరు ఎందుకు?



అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వెంబకోట్టై, కోవిల్‌పట్టి వైపు వానల కాలం. కరిసల్ నేల తడిసిందంటే అడుగు తీసి అడుగు వేయలేం. నల్లమట్టి వేళ్ళ సందుల్లో దూరి కరిచిపెట్టుకుంటుంది. ఆ కాళ్ళతోనే ఆకు కోస్తాం, షెడ్డు గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళలో ముంచుతాం, లోపల తడి నేల మీద గంటలకొద్దీ తిరుగుతాం. పురుగుల్లో సున్నపుకట్టు ఎక్కువగా కనిపించేదీ ఈ చలి, తేమ రోజుల్లోనే. పురుగు సంగతి అందరం పట్టించుకుంటాం. బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారి, మందమెక్కి, పొడి పొడిగా రాలుతుంటే మాత్రం "వయసైంది, మట్టి పని" అని వదిలేస్తాం. దీన్నే మనవాళ్ళు పిప్పిగోరు, పుచ్చుగోరు అంటారు. చాలాసార్లు అది కూడా బూజు తెగులే.

మనిషి బూజుకు దారి చూపింది పట్టుపురుగే

ఇది మన వృత్తివాళ్ళందరూ తెలుసుకోవాల్సిన సంగతి. ఇటలీలో లోది ఊరి దగ్గర అగోస్తినో బస్సీ అనే ఆయన పాతికేళ్ళ పాటు సున్నపుకట్టు రోగాన్ని పరిశీలించాడు. చచ్చిన పురుగు గట్టిపడి, సున్నం పూసినట్టు తెల్లబడుతుంది కదా. అక్కడి రైతులు కూడా సున్నం పేరుతోనే దాన్ని పిలిచేవారు. ఆ తెల్లదనం ప్రాణమున్న బూజు అని, అదే ఒక పురుగు నుంచి ఇంకో పురుగుకు అంటుకుంటుందని ఆయన 1835లో అచ్చు వేసి చెప్పాడు. ఆ బూజుకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది: బ్యూవేరియా బాసియానా. అది చదివి షోన్‌లైన్ అనే జర్మన్ డాక్టరు మనుషుల తలమీద వచ్చే ఒక చర్మరోగాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, దానికీ బూజే కారణమని 1839లో ప్రకటించాడు.

అలాగని రెండు బూజులూ ఒకటి కావు. సున్నపుకట్టు బూజు పురుగు ఒంటిని తింటుంది. మన గోటిని పట్టేది కెరటిన్ తినే బూజు. గోరు, వెంట్రుక, గేదె కొమ్ము, ఎద్దు గిట్ట, అన్నీ కెరటినే. సున్నపుకట్టు పురుగును తాకితే గోరు పుచ్చదు. మన పిప్పిగోటి వల్ల పురుగుకు సున్నపుకట్టూ రాదు. ఆ భయం అక్కర్లేదు.

అసలు కాలికి గోరు ఎందుకు?

పిల్లికి, కుక్కకు ఉన్నవి వాడి గోళ్ళు. కోతులకు, మనకు ఉన్నవి బల్లపరుపు గోళ్ళు. కోతుల జాతి పూర్వీకులు కొమ్మను గోళ్ళతో గుచ్చి కాకుండా వేళ్ళ చివరి మెత్తటి కండతో పట్టుకుని బతికారు. ఆ కండకు వెనక నుంచి ఆనుగా నిలబడేదే బల్లపరుపు గోరు. అలాంటి గోళ్ళ గుర్తులు దాదాపు ఐదున్నర కోట్ల ఏళ్ళ నాటి శిలాజాల్లో దొరికాయి.

ఇప్పుడు మనం కొమ్మలు పట్టుకుని వేలాడకపోయినా గోటికి పని తప్పలేదు. నడిచేటప్పుడు చివరికి నేలను నెట్టేది బొటనవేలు. కింద నుంచి నేల నెడితే కండ పైకి ఉబ్బకుండా గోరు ఆపుతుంది. గోరు పూర్తిగా ఊడిపోయినవాళ్ళకు కండ ముందుకు ఉబ్బి, కొత్తగా వచ్చే గోరు అందులోకి గుచ్చుకోవడం జరుగుతుంటుంది. రాయి తగిలినా, పార జారినా వేలి చివరి ఎముకకు ముందు కవచం గోరే. అందుకే "పాడైన గోరే కదా, పీకేద్దాం" అనుకోవద్దు.

మందు ఎందుకు త్వరగా పనిచేయదు?

పురుగు నోటి నుంచి బయటికి వచ్చాక దారంలో ప్రాణం ఉండదు. గోరూ అంతే. ప్రాణం ఉన్నది చర్మం కింద దాగిన మొదట్లో. మనకు కనిపించే గోరంతా అక్కడి నుంచి తోసుకుంటూ వచ్చిన ఎండిన పలకే. బూజు ఆ పలక కింద, కండకూ గోటికీ నడుమ కాపురం పెడుతుంది. పైన ఏం రాసినా లోపలికి దిగడం కష్టం. బూజు చచ్చినా పాడైన గోరు మళ్ళీ బాగుపడదు. కొత్త గోరు మొదటి నుంచి పెరిగి దాన్ని బయటికి నెట్టాల్సిందే. చేతిగోరు నెలకు 3 మి.మీ. దాకా పెరుగుతుంది. కాలిగోరు అందులో సగమే. బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. "పది రోజుల్లో పోతుంది" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇంటి మందుల్లో ఏది ఎంత?

గోరింటాకు, పసుపు: రెండింటికీ బూజును అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలింది. గోటి కిందికి దిగి నయం చేస్తాయనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. పైగా గోరింటాకు రంగు పట్టాక గోరు బాగవుతోందో లేదో కనబడదు.

విక్స్: అమెరికాలో 18 మంది మీద 48 వారాలు చూశారు. ఐదుగురికి పూర్తిగా నయమైంది, ఇంకో పదిమందికి కొంత మేలైంది. చిన్న పరీక్ష, అయినా రోజూ రాసినవాళ్ళకే ఆ ఫలితం.

టీ ట్రీ నూనె: ఇది మన టీ ఆకు నూనె కాదు, ఆస్ట్రేలియా చెట్టుది. 1994లో వచ్చిన ఒక పరిశీలనలో 6 నెలలు రాస్తే క్లోట్రిమజోల్ ద్రావణంతో దాదాపు సమానంగా పనిచేసింది. రెండింటితోనూ పూర్తిగా నయమైనవాళ్ళు తక్కువే.

వెనిగర్, వెల్లుల్లి: వెనిగర్‌లో నీళ్ళు కలిపి కాళ్ళు నానబెడితే పెద్ద నష్టం లేదు, పెద్ద లాభమూ కనబడలేదు. పచ్చి వెల్లుల్లి ముద్ద కట్టవద్దు, చర్మం బొబ్బలెక్కుతుంది.

వేలికి నిమ్మకాయ తొడగడం గోరుచుట్టుకు మన పెద్దలు చేసేది. గోరుచుట్టు అంటే గోటి పక్క కండ వాచి చీము పట్టడం. అది వేరు, ఇది వేరు.

షెడ్డు మందులు కాలికి వద్దు

మన దగ్గర బూజును చంపే మందులు చాలా ఉన్నాయి కాబట్టి చెయ్యి అటే పోతుంది. ఫార్మలిన్, బ్లీచింగ్ పొడి, సున్నం, సున్నపుకట్టుకు చల్లే డైథేన్ ఎం-45, ఇవేవీ గోటికి రాయవద్దు. ఇవి గదికీ, పడకకూ, మొక్కకూ చెప్పిన మందులు. తడి చర్మం మీద సున్నం, బ్లీచింగ్ పడితే కాలుతుంది, పగులుతుంది. ఆ పగుళ్ళే కొత్త తెగులుకు దారి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళు దాటాలి, తప్పదు. ఒట్టి కాళ్ళతో కాకుండా, షెడ్డు కోసమే ఉంచుకున్న రబ్బరు చెప్పులతో దాటండి. పని అయ్యాక మంచినీళ్ళతో కడిగి తుడుచుకోండి.

ఇంటి మందు పంటను దెబ్బతీయవచ్చు

పిప్పిగోటికి వేపనూనె రాసేవాళ్ళున్నారు. వేపలోని చేదు పదార్థం పురుగుల ఎదుగుదలను, జ్వరం విడవడాన్ని చెడగొడుతుంది. తోటల్లో మనం వేపమందు కొట్టేది అందుకే. పట్టుపురుగూ పురుగే. వేపనూనె చేత్తో ఆకు వేస్తే నష్టం మనదే. కర్పూరం, విక్స్ లాంటి ఘాటు వాసనలు కూడా షెడ్డు దరిదాపుల్లో వద్దు. ఏం రాసుకున్నా రాత్రి చివరి మేత అయ్యాక ఇంట్లో రాసుకోండి. పొద్దున సబ్బుతో చేతులు, కాళ్ళు కడిగాకే ఆకు ముట్టండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

మందమెక్కి రంగు మారిన గోళ్ళలో సుమారు సగమే బూజు వల్ల వచ్చినవి. దెబ్బ, సోరియాసిస్ కూడా అలాగే కనిపిస్తాయి. అందుకే చర్మ డాక్టరు గోటి పొడి తీసి పరీక్ష చేయిస్తారు. బూజేనని తేలితే టెర్బినాఫిన్ మాత్రలు మామూలుగా 12 వారాలు ఇస్తారు. ఇది కాలేయానికి హాని చేసే వీలున్న మందు కాబట్టి రక్తపరీక్ష చూసి ఇస్తారు. దుకాణంలో అడిగి మింగేది కాదు. స్టెరాయిడ్ కలిపిన క్రీములు దురదను తగ్గించి బూజును పెంచుతాయి. వాటి జోలికి పోవద్దు.

షుగర్ ఉన్నవాళ్ళు, కాళ్ళు తిమ్మిరి ఉన్నవాళ్ళు ఇంటి మందుతో రోజులు గడపవద్దు. గోటి పక్క చిన్న పుండు కూడా వాళ్ళకు వేలు తీసేదాకా పోవచ్చు. ఎర్రగా వాచినా, చీము వచ్చినా, గోటి కింద నల్లచార పెరుగుతున్నా అదే వారం చూపించండి.

రోజూ చేయాల్సినవి

1. సాయంత్రం కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిబట్టతో తుడవండి. తేమే బూజుకు మేత.
2. వేళ్ళ సందులు తెల్లగా పాసి దురదపెడితే ముందు దానికి క్లోట్రిమజోల్ క్రీము 4 వారాలు రాయండి. గోటికి బూజు ఎక్కువగా అక్కడి నుంచే పాకుతుంది.
3. రబ్బరు బూట్లు రెండు జతలుంటే మేలు. ఒకటి ఎండలో, ఒకటి కాలికి.
4. గోరు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి, మూలలు తవ్వవద్దు. పిప్పిగోటికి వాడిన కత్తెర ఇంట్లో ఇంకొకరికి ఇవ్వవద్దు.
5. మొదట్లో కొత్తగా వచ్చే గోటిని నెలకోసారి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మొదలు శుభ్రంగా వస్తుంటే మందు పనిచేస్తున్నట్టే, ఆపవద్దు. నాలుగు నెలలైనా మార్పు లేకపోతే డాక్టరుకు ఆ ఫొటోలే చూపించండి.